కెనడా వాళ్ళు రోజూ ఏం తింటారు, ఏం తాగుతారు: హోమ్ వంటింట్లోంచి నా జవాబు

ప్రశ్న: "మా అమ్మాయి జనవరిలో చదువుకి హామిల్టన్ వెళ్తోంది. కాఫీ షాపులోనో, వృద్ధుల హోమ్ వంటింట్లోనో పార్ట్ టైం పని దొరుకుతుందని సీనియర్లు చెప్పారట. అక్కడివాళ్ళు రోజూ ఏం తింటారు, ఏం తాగుతారు? యూట్యూబ్‌లో ఎంత చూసినా పూటీన్, మేపుల్ సిరప్ తప్ప ఏమీ కనపడటం లేదు. పనిలో ఇబ్బంది పడకుండా ఏం తెలుసుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి."

మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించిందండి. మాది తెనాలి. హామిల్టన్ చుట్టుపక్కలే ఇరవై ఒక్క ఏళ్ళుగా ఉంటున్నాను. మొదటి రెండేళ్ళు ఒక కాఫీ షాపులో చేశాను, అప్పటి నుంచి ఒక వృద్ధుల హోమ్ వంటింట్లో. మీ అమ్మాయికి చెప్పిన రెండు పనులూ నేను చేసినవే.

పూటీన్ సంగతి తర్వాత చెప్తాను. వంటకాల పేర్లకంటే ముందు ఆ పిల్లకి ఒక ప్రశ్న అలవాటు కావాలి: "మీకు ఎలా కావాలి?" ఇక్కడ కాఫీ నుంచి కోడిగుడ్డు దాకా ప్రతిదానికీ ఇదే అడుగుతారు. మన ఇళ్ళల్లో అమ్మ అడగదు, మనకేం ఇష్టమో ఆవిడకి తెలుసు కాబట్టి కలిపి పెట్టేస్తుంది. ఇక్కడ అడక్కుండా కలిపి పెడితే చాలామందికి కష్టంగా ఉంటుంది. ఈ సంగతి నాకు ఒక పెద్దాయన దగ్గర తెలిసింది.

హోమ్‌లో చేరిన కొత్తలో ఒకరోజు సాయంత్రం భోజనాల దగ్గర సాయానికి నిలబడ్డాను. ఆ పెద్దాయనకి చేతులు వణుకుతాయి. ప్లేటులో ఒకవైపు మెత్తగా మెదిపిన బంగాళాదుంప, ఒకవైపు ఉడికించిన పచ్చిబఠాణీలు, ఇంకోవైపు కోసిన రోస్ట్ బీఫ్, చిన్న గిన్నెలో గ్రేవీ. బఠాణీలు ఫోర్కు మీద నిలవక దొర్లిపోతున్నాయి. మా నాన్నకి చివరి రోజుల్లో పప్పన్నం కలిపి ముద్దలు చేసి పెట్టినట్టే, నేను చొరవ తీసుకుని బఠాణీలు బంగాళాదుంపలో కలిపి, పైన గ్రేవీ పోసి చెంచాతో ఇచ్చాను. ఆయన ఏమీ అనలేదు. చెంచా కింద పెట్టి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. మా సూపర్‌వైజర్ వచ్చి, ఇంకో ప్లేటు తెప్పించి, గ్రేవీ ఎక్కడ వేయమంటారని అడిగింది. "పక్కన" అన్నారాయన. అప్పుడు ఒక్కొక్కటే తిన్నారు, దాదాపు ముప్పావు గంట పట్టింది. బఠాణీలు కొన్ని కింద పడ్డాయి, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు నాకు చాలా బాధేసింది. ఆయనకి సాయం చేస్తున్నాననుకుంటూ ఆయన భోజనం ఆయన చేతిలోంచి లాగేసుకున్నాను. మింగడం కష్టమైనవాళ్ళకి మా దగ్గర అన్నీ మిక్సీ పట్టి పెడతాం. అప్పుడు కూడా కేరట్ ముద్ద వేరు, మాంసం ముద్ద వేరు, బంగాళాదుంప వేరు, మూడు రంగులూ విడివిడిగా ప్లేటులో ఉండాల్సిందే. రోజూ వంటకాలు రెండు రకాలు. మాటలు రానివాళ్ళకి, మరచిపోయేవాళ్ళకి రెండు ప్లేట్లూ ఎదురుగా పట్టుకుని చూపిస్తాం, వేలు పెట్టి ఏది చూపిస్తే అది. మీ అమ్మాయి హోమ్‌లో చేరితే మొదటివారంలోనే ఈ పని నేర్పిస్తారు.

ఇక కాఫీ. ఇక్కడ పొద్దున కాఫీ ఇంట్లో తాగేవాళ్ళు ఎంతమందో, కారులోంచి దిగకుండా కిటికీ దగ్గర కొనుక్కుని వెళ్ళేవాళ్ళూ అంతమంది కనపడతారు. టిమ్ హోర్టన్స్ అనే కాఫీ షాపుల పేరు మీరు వినే ఉంటారు. అది పుట్టింది మీ అమ్మాయి వెళ్తున్న ఊళ్ళోనే, 1964లో, ఒట్టావా స్ట్రీట్‌లో. దాన్ని మొదలుపెట్టిన టిమ్ హోర్టన్ మంచి పేరున్న ఐస్ హాకీ ఆటగాడు. ఆయన 1974లో కారు ప్రమాదంలో పోయారు, షాపులు మాత్రం దేశమంతా అల్లుకున్నాయి. అక్కడ మొట్టమొదట వినపడే మాట "డబుల్ డబుల్". అంటే రెండు క్రీములు, రెండు చక్కెరలు. ఈ మాట 2004లో కెనడియన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. ఒక్కొక్కటి చాలంటే "రెగ్యులర్", మూడేసి కావాలంటే "ట్రిపుల్ ట్రిపుల్". కాఫీలో పోసే క్రీములో వెన్న 18 శాతం. అందుకే మన చిక్కటి కాఫీకి అలవాటు పడినవాళ్ళకి డబుల్ డబుల్ తొందరగా నచ్చుతుంది. పాలు అడిగినవాళ్ళకి క్రీము, క్రీము అడిగినవాళ్ళకి పాలు పోస్తే మాత్రం కప్పు వెనక్కి వస్తుంది. రెండూ తెల్లగానే ఉన్నాయిగా అనుకోవద్దని చెప్పండి. లాక్టోజ్ పడనివాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, డైటింగ్ చేసేవాళ్ళు, ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క. నేను కాఫీ షాపులో ఉన్నప్పుడు రోజూ వచ్చేవాళ్ళ లెక్కలు ముఖం చూడగానే గుర్తొచ్చేవి. అయినా ఒకసారి అడిగి నిర్ధారించుకునేదాన్ని.

టీ తాగేవాళ్ళు కూడా తక్కువేమీ కాదు, ముఖ్యంగా పెద్దవాళ్ళు. వేడినీళ్ళల్లో టీ బ్యాగు ముంచి, తీసేసి, పైన కొంచెం చల్లటి పాలు పోసుకుంటారు. కాచిన టీ కాదు. మధ్యాహ్నం రెండింటికి మా హోమ్‌లో టీ బండి తిరుగుతుంది, పక్కన ఒక బిస్కట్టో కుకీయో. ఆ బండి చప్పుడు కోసం ఎదురుచూసే ముసలమ్మలు ఉన్నారు. ఇంకో సంగతి, ఐస్డ్ టీ అని ఇక్కడ అడిగితే మామూలుగా తియ్యటిదే వస్తుంది. మంచినీళ్ళు కుళాయివే తాగుతారు, బయట మంచు కురుస్తున్నా హోటల్లో ఐసు వేసే ఇస్తారు. ఐసు వద్దంటే వేయరు. చెప్పాలి, అంతే.

భోజనం వేళలు మనకి వింతగా ఉంటాయి. పొద్దున టోస్టు, సీరియల్, ఓట్‌మీల్ లాంటివి. మధ్యాహ్నం పన్నెండింటికి అరగంటలో తినేసే చల్లటి శాండ్‌విచ్, లేదా సూపు. ఉడికించిన గుడ్డుని చిదిమి మయొనీజ్ కలిపిన ఎగ్ సాలడ్ శాండ్‌విచ్, ట్యూనా, టమాటా సూపుతో గ్రిల్డ్ చీజ్. ఈ మూడూ మా హోమ్‌లో ఎప్పుడు పెట్టినా ప్లేట్లు ఖాళీ అవుతాయి. మధ్యాహ్నం వేడి అన్నం తినాలనే పట్టింపు వాళ్ళకి లేదు. అసలైన భోజనం సాయంత్రానిది, అదీ ఐదున్నరకో ఆరుకో. పిల్లల హాకీ ప్రాక్టీసు, ఈత క్లాసు, చలికాలంలో ఐదింటికల్లా పడిపోయే చీకటి, వీటన్నిటికీ సరిపోయే వేళ అది. ఎనిమిదిన్నరకి మనం పోపు వేసే టైముకి వాళ్ళ వంటిల్లు సర్దేసి ఉంటుంది. మీ అమ్మాయి కెనడా వాళ్ళతో ఇల్లు షేర్ చేసుకుంటే ఈ ఒక్క విషయం ముందే మాట్లాడుకోమనండి.

పాతతరం వాళ్ళ సాయంత్రం ప్లేటు అంటే ఒక మాంసం, ఒక బంగాళాదుంప, ఒక కూరగాయ. ఉప్పు, మిరియాలు బల్ల మీద ఉంటాయి, ఎవరికి కావాల్సినంత వాళ్ళు వేసుకుంటారు. బంగాళాదుంప వేపుళ్ళ (ఫ్రెంచ్ ఫ్రైస్) మీద కెచప్ సరే, వెనిగర్ కూడా చల్లుకుంటారు. వాళ్ళ తిండి చప్పగా ఉంటుందని మనవాళ్ళు చాలామంది తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. రుచి వేయడాన్ని వాళ్ళు తినేవాళ్ళకి వదిలేశారు. ఆగస్టులో పొలం నుంచి తెచ్చిన మొక్కజొన్న పొత్తు ఉడికించి, వెన్న రాసుకుని తింటే అందులో ఇంకేం కలపాలనిపించదు. కుర్రకారు ఇళ్ళల్లో ఇప్పుడు అన్నీ ఉన్నాయి: పాస్తా, టాకో, స్టర్ ఫ్రై, శుక్రవారం పిజ్జా, బటర్ చికెన్. 2019లో ప్రభుత్వం విడుదల చేసిన ఫుడ్ గైడ్‌లో ప్లేటులో సగం కూరగాయలు, పళ్ళు, పావు వంతు ప్రొటీన్, పావు వంతు ముడిధాన్యం అని బొమ్మ వేశారు. ఆ ప్రొటీన్లలో పప్పులకీ శనగలకీ పెద్దపీట వేశారు. మా మెనూలో కూడా అప్పటి నుంచి లెంటిల్ సూపు తరచుగా వస్తోంది. వండేది నేనే, సంతోషంగా వండుతాను.

పిల్లలున్న ఇంట్లో ఇంకొకటి తప్పకుండా ఉంటుంది, కేడీ. క్రాఫ్ట్ డిన్నర్‌కి ముద్దుపేరు అది. 1937 నుంచి అమ్ముతున్న డబ్బా, లోపల మెకరోనీ, నారింజ రంగు చీజు పొడి. మన ఇళ్ళల్లో మ్యాగీ ఎలాగో అలా.

ఇప్పుడు యూట్యూబ్ వాళ్ళు చూపించేవి. పూటీన్ 1950ల్లో క్యుబెక్ రాష్ట్రం పల్లెటూళ్ళల్లో మొదలైంది. బంగాళాదుంప వేపుళ్ళు, తాజా చీజు ముక్కలు, పైన వేడి గ్రేవీ. చీజు తాజాగా ఉంటే పళ్ళ కింద కీచుమంటుంది. ఎప్పుడో ఒకసారి తింటారు, రోజూ కాదు. మీరు శాకాహారులైతే గ్రేవీ దేనితో చేశారో అడిగి తినమనండి, మామూలుగా మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. మేపుల్ సిరప్ ఖరీదైన వస్తువు. మార్చి, ఏప్రిల్‌లో రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉన్న రోజుల్లో చెట్టు నుంచి కారే పల్చటి రసాన్ని కాచాలి. సుమారు 40 లీటర్ల రసం మరిగితే ఒక లీటరు సిరప్. మనం చెరుకురసం కాచి బెల్లం వండినట్టే, ఆవిరి పట్టిన పాక దగ్గర నిలబడితే వాసన కూడా మా ఊరి బెల్లం బట్టీనే గుర్తుచేసింది. ఆదివారం పాన్‌కేకుల మీద పోసుకుంటారు. చాలా ఇళ్ళల్లో మామూలు రోజుల్లో వాడేది మొక్కజొన్న పాకంతో చేసిన టేబుల్ సిరప్, దానికీ మేపుల్ చెట్టుకీ సంబంధం లేదు.

ఊరు మారితే తిండీ మారుతుంది. మాంట్రియాల్‌లో కట్టెల పొయ్యిలో కాల్చిన బేగెల్ (గారెలా మధ్యలో చిల్లున్న రొట్టె), హాలిఫాక్స్‌లో తియ్యటి సాసుతో డోనేర్ (మాంసం చుట్టిన రొట్టె), ప్రెయిరీలనే మైదాన ప్రాంతంలో ఉక్రెయిన్ వాళ్ళు తెచ్చిన పెరోగీ (లోపల కూర పెట్టి ఉడికించిన కజ్జికాయ లాంటిది), వాంకూవర్‌లో సుషీ. టొరంటోలో "రోటీ షాపు" అని బోర్డు కనపడితే అది చాలాసార్లు కరీబియన్ వాళ్ళది, కూర లోపల పెట్టి మడిచిన పెద్ద రొట్టె. పైనాపిల్ వేసిన హవాయి పిజ్జా ఉంది చూశారా, అది హవాయిది కాదు, 1962లో హామిల్టన్ ఉన్న ఈ ఒంటారియో రాష్ట్రంలోనే, చాథమ్‌లో, గ్రీసు నుంచి వచ్చిన సామ్ పానోపులోస్ చేసింది. కెనడా తిండి అంటే ఏమిటని అడిగేవాళ్ళకి నేను ఇదే చెప్తాను. వచ్చినవాళ్ళు తెచ్చుకున్నవీ, ఇక్కడికి వచ్చాక మార్చుకున్నవీ.

ఇక ముఖ్యమైన జాగ్రత్త, ఎలర్జీలు. దీని గురించి మనవాళ్ళు తేలిగ్గా మాట్లాడితే నాకు కోపం వస్తుంది. మొదటి ఏడాది క్రిస్మస్‌కి మా స్టాఫ్ పాట్‌లక్ పెట్టుకున్నాం, తలా ఒకటి వండి తేవాలి. నేను తెల్లవారుజామున లేచి పులిహోర చేశాను, దోరగా వేయించిన పల్లీలు దండిగా వేసి. ఒకామె ఇందులో ఏముందని అడిగింది. చెప్పగానే ఆమె మొహం పాలిపోయింది. ఆ గిన్నెకి మూత పెట్టి, వేరే గదిలో పెట్టించి, బల్లంతా తుడిచారు. అంత కష్టపడి చేశానే అని మొదట చిన్నబుచ్చుకున్నాను. తర్వాత ఆమె బ్యాగులోంచి ఎపిపెన్ (ఎలర్జీ ముదిరితే వెంటనే పొడుచుకునే ఇంజెక్షన్) తీసి చూపించింది. పల్లీ తగిలితే నిమిషాల్లో ఊపిరి ఆడదట. ఒంటారియోలో 2003లో సబ్రీనా షానన్ అనే స్కూలు పిల్ల తిండి ఎలర్జీతో చనిపోయింది. ఆ పిల్ల పేరు మీదే సబ్రీనాస్ లా అనే చట్టం వచ్చింది, 2006 నుంచి ప్రతి స్కూలు బోర్డుకీ ఎలర్జీల విషయంలో పద్ధతి ఉండి తీరాలి. చాలా స్కూళ్ళల్లో పల్లీలే రానివ్వరు.

మరుసటి ఏడాది పులిహోరలో పచ్చిశనగపప్పు, మినప్పప్పు మాత్రమే వేశాను. పక్కన చీటీ మీద ఏమేం వేశానో అన్నీ రాశాను, ఆవాలతో సహా. కెనడాలో ప్యాకెట్ల మీద తప్పనిసరిగా చెప్పాల్సిన ఎలర్జీ పదార్థాల్లో ఆవాలు, నువ్వులు కూడా ఉన్నాయి. మన వంటల్లో పోపు లేనిది ఏది? అందుకే మీ అమ్మాయి ఏం వండి పట్టుకెళ్ళినా చీటీ రాయడం మరిచిపోవద్దు. ఆ రెండో ఏడాది గిన్నె అడుగు కనపడింది. పులుపు దేనిదని ఐదారుగురు అడిగి రాసుకున్నారు.

ఎవరైనా ఇంటికి పిలిస్తే ఆరు అంటే ఆరు. ఏం తినవో ముందే అడుగుతారు, మొహమాటపడకుండా శాకాహారమా, గుడ్డు తింటావా, బీఫ్ వద్దా అన్నీ చెప్పేయమనండి. అన్నిటికంటే ముఖ్యం, వడ్డించేటప్పుడు ఒక్కసారే అడుగుతారు. మనం అలవాటు కొద్దీ "వద్దండీ" అంటాం, రెండోసారి అడుగుతారని. అడగరు. వద్దంటే నిజంగానే వద్దనుకుంటారు. నేను కొత్తలో ఇలా ఆకలితో ఇంటికొచ్చిన సందర్భాలున్నాయి. కావాలంటే మొదటిసారే అవుననాలి. అలాగే మన ఇంటికి వాళ్ళొస్తే కొసరి కొసరి వేయొద్దు. గిన్నెలు బల్ల మీద పెట్టి వాళ్ళనే వడ్డించుకోనిస్తే హాయిగా తింటారు.

మద్యం గురించి మీరు అడగలేదు కానీ తల్లిగా మనసులో ఉండే ఉంటుంది. ఒంటారియోలో 19 ఏళ్ళు నిండితేనే. ఎక్కువమంది బీరో వైనో తాగుతారు. వేసవి సెలవు రోజుల్లో బార్బెక్యూ దగ్గర బీరు మామూలే. సీజర్ అని ఒక డ్రింకు ఇక్కడి ప్రత్యేకం, 1969లో కాల్గరీలో వాల్టర్ చెల్ తయారు చేశారు. టమాటా రసంలా కనపడుతుంది కానీ అందులో ఆల్చిప్పల రసం ఉంటుంది, వోడ్కా కూడా. మాంసం ముట్టనివాళ్ళు ఎర్రగా ఉంది కదా అని తీసుకోకూడదు. తాగనంటే బలవంతం చేసినవాళ్ళు ఈ ఇరవై ఏళ్ళలో నాకు తారసపడలేదు. "మరి ఏం తాగుతావు?" అంటారు, అంతే. జింజర్ ఏల్ (అల్లం రుచి ఉన్న సోడా, మద్యం కాదు) అడగొచ్చు. అది కూడా వాళ్ళకి ఇష్టమైనదే, కడుపులో తిప్పితే శొంఠి కషాయం మనకి ఎలాగో జింజర్ ఏల్ వాళ్ళకి అలాగ. హోటల్లో మద్యం సర్వ్ చేసే పని వస్తే స్మార్ట్ సర్వ్ అనే పరీక్ష రాయాలి. వంటిల్లయితే ఫుడ్ హ్యాండ్లర్ (తిండి శుభ్రంగా చూసుకోవడం మీద పరీక్ష) సర్టిఫికెట్ ఉంటే పని తొందరగా దొరుకుతుంది. వచ్చిన వారంలోనే రాసేయమనండి.

పాలు ఇక్కడ సంచుల్లో వస్తాయి, మనకి కొత్తేం కాదు. 4 లీటర్ల పెద్ద సంచిలో మూడు చిన్నవి ఉంటాయి. ఒకదాన్ని ప్లాస్టిక్ జగ్గులో నిలబెట్టి మూల కత్తిరించి, అలాగే ఫ్రిజ్‌లో ఉంచుతారు. కాచక్కర్లేదు. 1 శాతం, 2 శాతం, 3.25 శాతం అని రకాలున్నాయి. పెరుగు తోడుపెట్టడానికి 3.25 శాతం పాలే కొనమనండి. చలికాలంలో గిన్నెని ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి ఉంచితే పొద్దునకి గట్టిగా తోడుకుంటుంది.

పప్పులు సూట్‌కేసులో మోసుకురావద్దు. మసూర్ పప్పు పండించి బయటికి పంపే దేశాల్లో కెనడాది ముందు వరస, ఎక్కువగా సస్కాచువాన్ రాష్ట్రంలోనే పండుతుంది. ఆవాలూ అక్కడివే. గుంటూరు మార్కెట్లో కొన్న ఎర్రపప్పు ఒకప్పుడు ఇక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. కనోలా నూనె పేరులో ఉన్నది కూడా కెనడాయే. కంది, మినప, ఇడ్లీ రవ్వ అన్నీ దొరుకుతాయి. తేవాల్సింది ఇంటి కారం, ఆవకాయ, గోంగూర, కాఫీ ఫిల్టరు, ఒక కిలో కాఫీ పొడి. పచ్చళ్ళు సీల్ చేయించండి. విమానం దిగాక తిండి పదార్థాలు ఉన్నాయా అని అడుగుతారు, ఉన్నాయని నిజం చెప్పాలి. చెప్తే చూసి పంపిస్తారు, లేదా తీసేసుకుంటారు. దాచితే జరిమానా పడుతుంది.

పనిలో చేరిన మొదటిరోజు ఎవరో ఒకరు మీ అమ్మాయిని కూడా కాఫీ ఎలా కావాలని అడుగుతారు. "ఏదైనా ఫర్వాలేదు" అనకుండా తనకి కావాల్సింది చెప్పమనండి. ఇల్లు ఏ వైపు తీసుకుందో రాస్తే, అక్కడికి బస్సు దూరంలో మన సరుకులు ఎక్కడ దొరుకుతాయో చెప్తాను.